అక్క జాతకంలో అయిదో ఇల్లు

"మేడమ్, ఇళ్లు ఏ పద్ధతిలో వేయమంటారండీ?" అని అడిగాడు ఆ కుర్రాడు, హోటల్లో సర్వరు సాదా దోసా, మసాలా దోసా అని అడిగినంత తేలిగ్గా. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ రెండో అంతస్తులో, ఏసీ గదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. మా అక్క సరోజకి మనవరాలు పుట్టింది. పిల్లకి జాతకం రాయించమని వియ్యాలవారు పట్టుబడితే, తోడు రమ్మని అక్క నన్ను పిలిచింది. నాకు జ్యోతిషం అంటే గిట్టదని దానికి తెలుసు. అయినా నేనే కావాలంది. "రాశి ప్రకారం వేయొచ్చు, భావం ప్రకారం వేయొచ్చు, ఫారిన్ వాళ్ల పద్ధతి కూడా ఉందండీ" అని ఆ కుర్రాడు స్క్రీన్ మావైపు తిప్పాడు. అక్క నావైపు చూసింది. "తేడా ఏమిటి బాబూ?" అన్నాను, తేడా ఏమిటో వాడికంటే నాకే బాగా తెలిసినా. "రిజల్ట్ కొంచెం మారుద్దండి. చాలామంది మూడూ ప్రింటు తీయించుకుని, ఏది బాగుంటే అది ఉంచుకుంటారు" అన్నాడు. వాడిని తప్పు పట్టాలనిపించలేదు. ఈ విద్యలో అంత నిజాయితీగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మా ఇంట్లో ఆ విద్య పెదనాన్నది. నాన్నకి అన్నయ్య. సోషల్ మాస్టారుగా పని చేస్తూనే, జీతం లేని రెండో ఉద్యోగం కింద జ్యోతిషం పెట్టుకున్నాడు. మాది కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ల వీధికి ఆనుకున్న ఇల్లు. పొద్దున లేస్తే పొణికి చెక్క చెక్కిన పొట్టు వాసన, రంగుల వాసన, వాటి మీదుగా మా వంటింట్లోంచి కాఫీ వాసన వచ్చేవి. ఆదివారం మాత్రం వీటన్నిటినీ పెదనాన్న పొడుం వాసన మింగేసేది. ఉతికిన పంచె, నుదుట విభూతి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలతో వీధి వసారాలో పట్టెమంచం మీద కూర్చునేవాడు. ఎదురుగా బల్ల మీద జనం ఉండేవారు. ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు పొడుం డబ్బీ మూత మీద రెండుసార్లు తట్టి, ఎడం ముక్కులో ఒకసారి, కుడి ముక్కులో ఒకసారి పీల్చి, చేతిరుమాలుతో తుడుచుకుని, అప్పుడు "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసం జగ్గయ్యపేట నుంచి కూడా వచ్చేవారు. వచ్చినవాళ్లందరికీ అమ్మ కాఫీ పెట్టేది. పదో మనిషి దగ్గరికి వచ్చేసరికి కాఫీలో పాలు రంగుకి మాత్రమే మిగిలేవి. ఎన్ని గ్లాసులు కడిగిందో ఏ గ్రహమూ లెక్కపెట్టలేదు.

ఆయన విద్య గురించి ఒక్క ముక్క చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మనిషి పుట్టిన క్షణంలో తూర్పున ఏ రాశి పైకి వస్తోందో అది లగ్నం. ఆకాశాన్ని అక్కడినుంచి పన్నెండు ఇళ్లు చేస్తారు. ఒకటి శరీరం, అయిదు బుద్ధి, ఆరు శత్రువులు, ఏడు పెళ్లి, ఇలా ఒక్కో ఇంటికి ఒక్కో పని అప్పగిస్తారు. గొడవంతా గోడలు ఎక్కడ కట్టాలన్న దగ్గరే. రాశి పద్ధతివాళ్లు లగ్నం ఉన్న రాశి మొత్తాన్నీ మొదటి ఇల్లు అంటారు. భావం పద్ధతివాళ్లు తూర్పున సరిగ్గా ఏ డిగ్రీ పొడుస్తోందో దాన్ని మొదటి ఇంటికి నడిమధ్య అనుకుని, అటు సుమారు పదిహేను, ఇటు పదిహేను డిగ్రీలు కొలుస్తారు. నడిమధ్య ఉన్న గ్రహానికి ఎలా కట్టినా ఫరవాలేదు. అంచున ఉన్న గ్రహం మాత్రం ఒక లెక్కలో ఈ ఇంట్లో, ఇంకో లెక్కలో పక్కింట్లో తేలుతుంది. ఆకాశంలో అది కదిలింది లేదు. కదిలేదల్లా గోడ.

పెదనాన్న పాతికేళ్లు రాశి మనిషి. "భావచక్రం పనిలేనివాళ్ల గోల" అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. ఒక ఎండాకాలం గుడివాడలో ఎవరి పెళ్లికో వెళ్తే, విందులో నలుగురి మధ్యా ఒక రిటైర్డ్ ఇంజనీరు "మీరు భావం వేయరాండీ? అయ్యో!" అన్నాడట. ఆ 'అయ్యో' ఆయనకి ఎక్కడో తగిలింది. తిరిగి వస్తూ బెజవాడలో దిగి, అట్టల మీద బ్రౌన్ పేపరు వేసిన లావుపాటి పట్టికల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. మర్నాటి నుంచి "రాశి చూసి ఫలితం చెప్పేవాడు అసలు జ్యోతిష్కుడే కాదు" అనడం మొదలుపెట్టాడు. రాత్రికి రాత్రి పార్టీ మారినవాడు కూడా తెల్లారి కొంచెం మొహమాటపడతాడు. పెదనాన్నకి ఆ బాధ లేదు. పాతికేళ్లుగా రాశి ప్రకారం ఆయన పెళ్లిళ్లు ఆపిన, పొలాలు కొనిపించిన, ఆపరేషన్లు వాయిదా వేయించిన మనుషులందరూ ఆ వీధుల్లోనే తిరుగుతున్నారు. వాళ్లని పిలిచి, పొరపాటైంది, మళ్లీ చూస్తానని ఆయన అనలేదు. వాళ్లూ అడగలేదు. అడగనివాళ్ల మీద కూడా నాకు జాలి లేదు.

ఒక్క చిక్కు ఉండేది. భావం వేయాలంటే భాగహారాలు చేయాలి. డిగ్రీకి అరవై కళలు, కళకి అరవై వికళలు. పట్టికలో రెండు అంకెల మధ్య ఉన్నదాన్ని లెక్కకట్టి తీయాలి. సోషల్ మాస్టారికి అది ఎక్కడ కుదురుతుంది? ఏడో తరగతి చదివే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బ్లేడుతో పెన్సిలు చెక్కిచ్చి, "విజయా, ఇది తేల్చు" అనేవాడు. నేను తేల్చేదాన్ని. నాకు అది ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను చివరి అంకె చెప్పేదాకా బల్ల మీద పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవారు. చెప్పగానే ఆయన పొడుం పీల్చి, అది తనకి ఎప్పుడో తెలుసన్నట్టు "ఊఁ" అనేవాడు. నేను ఇంట్లో లేని రోజుల్లో మాత్రం ఆయనకి మళ్లీ రాశి పద్ధతే నిజమయ్యేది.

ఆ ఎండాకాలమే అక్క పదో తరగతి పాసైంది. స్కూలుకి ఫస్టు. అక్కకి సైన్సు పిచ్చి. కప్ప గుండె బొమ్మ వేస్తే అది కొట్టుకుంటుందేమో అన్నట్టుండేది. బెజవాడలో బైపీసీ చేరి ఆపైన డాక్టరో నర్సో కావాలని, ఏదైనా సరే తెల్లకోటు వేసుకోవాలని దాని కోరిక. నాన్న ఆటోనగర్‌లో ఒక లారీ వర్క్‌షాపులో గుమాస్తా. రోజూ పాసింజరులో బెజవాడ వెళ్లి వచ్చేవాడు కాబట్టి అక్కని కూడా తనతోనే తీసుకెళ్తానన్నాడు. కాలేజీ అప్లికేషను ఫారం కూడా తెచ్చి బీరువాలో పెట్టాడు. కానీ అన్నయ్యని అడగకుండా మా నాన్న చెప్పులు కూడా కొన్నవాడు కాదు. ఆదివారం, జనం వెళ్లాక, ఫారం పట్టుకుని వసారాలోకి వెళ్లాడు.

అక్క జాతకం మా అందరికీ కంఠతా వచ్చు. శని ఆరో ఇంట్లో ఉన్నాడు, శత్రువులని తొక్కేస్తాడు, పోటీల్లో గెలిపిస్తాడు అని దాని చిన్నప్పటినుంచీ పెదనాన్నే చెప్పేవాడు. అది రాశి లెక్క. ఇప్పుడు కొత్త మతం పుచ్చుకున్నాడు కదా! "భావంలో కూడా ఓసారి చూద్దాంరా. విజయా, కాగితం తే" అన్నాడు. నేను కాగితం తెచ్చి, మోకాళ్ల మీద పీట పెట్టుకుని మొదలుపెట్టాను. అరగంట పట్టింది. అయిదో ఇల్లు శని ఉన్నచోటు దాటి ఇంకో తొమ్మిది కళల దాకా సాగింది. అంటే శని ఆరులోకి రాలేదు, అయిదులోనే ఉండిపోయాడు. తొమ్మిది కళలంటే డిగ్రీలో ఆరోవంతు కూడా కాదు. "తొమ్మిది కళలు తక్కువైంది పెదనాన్నా. అయిదులోనే ఉన్నాడు" అని గట్టిగా చెప్పాను.

పెదనాన్న మొహం వెలిగిపోయింది. అది నేను ఇప్పటికీ క్షమించలేని సంగతి. పిల్లకి చెడు తేలిందని బాధ లేదు, కొత్త పుస్తకం పని చేసిందన్న ఆనందం. "చూశావా! రాశి పట్టుకుని కూర్చుంటే దొరికేదా ఇది? అబ్బ, ఏం తేల్చావే పిల్లా!" అని నా వీపు తట్టాడు. తరవాత నాన్నవైపు తిరిగి, "బుద్ధిస్థానంలో శనిరా. కాలేజీలో వేస్తే చదువు మధ్యలో ఆగిపోద్ది. ఆగిపోయేదానికి మొదలెట్టడం దేనికి?" అన్నాడు. చదువు ఆగిపోతుందన్న భయంతో చదువు ఆపేశారు. ఆ జోస్యం ఫలించిందని తరవాత వచ్చినవాళ్లకి చెప్పుకున్నాడు కూడా.

అక్క గుమ్మంలో నిలబడి అంతా వింది. "పెదనాన్నా, నిన్నమొన్నటిదాకా శని ఆరులో ఉన్నాడన్నావుగా?" అంది.

"అది పాత లెక్కమ్మా" అన్నాడు.

నాన్న ఫారం మంచం మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. పై ఆదివారం ఎవరో వస్తే, చేతికి అందిన ఆ ఫారం వెనక తెల్లగా ఉన్న చోట పెదనాన్న వాళ్ల చక్రం వేసి, లెక్క తేల్చమని నాకిచ్చాడు. నేను తేల్చాను. అక్క కుట్టు నేర్చుకుంది, పద్దెనిమిదో ఏట ఆ ఊళ్లో అబ్బాయినే పెళ్లి చేసుకుంది, మంచి సంసారమే చేసింది. కూతురు ఇంటర్లో బైపీసీ చదువుతుంటే ఆ పిల్ల జువాలజీ రికార్డు మొత్తం తనే కూర్చుని వేసింది. లెక్చరరు అనుమానపడి పిల్లని నిలదీశాడట. ఆ మాట చెప్పి అక్క నవ్వేది. నేను మాత్రం ఆ నవ్వు మధ్యలో ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేదాన్ని.

మూడేళ్లకి నా వంతు వచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మ రోట్లో పచ్చడి నూరుతూ, తల ఎత్తకుండా, "మీ పెదనాన్న లెక్కలన్నీ నువ్వేగా చేసేది. నువ్వు ఎన్నింటికి పుట్టుంటే చదువుకోనిస్తారో చూసి చెప్పు" అంది. నాకు మొదట అర్థం కాలేదు. అమ్మ అయిదో తరగతితో ఆగింది. వసారాలో పాతికేళ్లు ఊగిపోయిన మగవాళ్లలో ఒక్కడికీ తట్టని సంగతి రోటి దగ్గర కూర్చున్న ఆవిడకి తట్టింది. గోడలు ఎక్కడ కట్టాలో వాళ్లు కొట్టుకుంటున్నారు. ఆవిడ పునాది రాయే జరపమంటోంది. శనిలాగే అయిదులో చెడ్డవాడు, ఆరులో మంచివాడు అయిన కుజుడు నా జాతకంలో రాశి లెక్కలో అయిదో ఇంట్లో, భావం లెక్కలో ఆరో ఇంట్లో ఉన్నాడు. ఆ ఆదివారం పెదనాన్నకి ఏ మతం మీద గాలి మళ్లుతుందో తెలియదు కాబట్టి రెండింట్లోనూ ఆరో ఇంట్లో పడాలి. రెండు రోజులు పెరటి వసారాలో కూర్చుని లెక్కకట్టాను. నా పుట్టుక ఆరూ నలభై అని రాసి ఉంది. యాభై నిమిషాలు ముందు పుట్టి ఉంటే లగ్నమే వెనకటి రాశికి మారిపోతుంది, కుజుడు ఎలా చూసినా ఆరులోనే. "అయిదూ యాభై అమ్మా" అని చెప్పాను. "సరే" అని అమ్మ పచ్చడి గిన్నెలోకి తీసింది.

ఆదివారం పెదనాన్న పంచాంగం తెరిచి "జన్మకాలం ఆరూ నలభై" అనగానే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. బావగారి ఎదుట ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను చూసింది అదొక్కసారే.

"ఆరూ నలభై కాదండి బావగారూ. అయిదూ యాభై."

"నీకెట్లా తెలుసమ్మా? నేనే గదా రాసింది."

"కన్నది నేను కదండీ."

పెదనాన్న పొడుం డబ్బీ వెతుక్కున్నాడు. "గోడగడియారం చూసి రాశానమ్మా. ఆరూ నలభై. నాకు బాగా గుర్తు."

"ఆ గడియారం పది నిమిషాలు ముందుంటదిగా. రైలు తప్పిపోకుండా మీ తమ్ముడు పెట్టుకున్నది. ఇంట్లో అందరికీ తెలిసిందేగా."

నాన్న తల దించుకున్నాడు. ఆ గడియారం నిజంగానే ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. రైలుకి వెళ్లేటప్పుడు పది తీసేసుకునే మనుషులు, కళలు వికళలు లెక్కపెట్టి పిల్లల బతుకులు తేల్చేటప్పుడు తీయలేదు.

"సరే, ఆరున్నర అనుకో. మిగతా నలభై నిమిషాలూ?"

"మళ్లీ ఆడపిల్లేనని బయటికొచ్చి చెప్పడానికి అత్తయ్యగారికి నలభై నిమిషాలు పట్టిందండీ. మీరు విన్నప్పుడు రాసుకున్నారు. పిల్ల పడ్డప్పుడు అయిదూ యాభై పాసింజరు కూతేసి వెళ్లింది. నేను విన్నాను."

నాయనమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. అవునని చెప్పడానికీ, కాదని చెప్పడానికీ ఎవరూ లేరు. ఆ రోజు రైలు లేటుగా వచ్చిందేమో అని కూడా ఎవరికీ తోచలేదు. పెదనాన్న రెండు ముక్కుల్లోనూ పొడుం పీల్చి, "విజయా, కాగితం తే" అన్నాడు. అప్పటికే తెలిసిన జవాబుని మళ్లీ అరగంటసేపు తేల్చినట్టు నటించి చెప్పాను. "నేనెప్పుడూ అనుకుంటూనే ఉన్నానురా, ఈ పిల్ల మొహం అయిదులో కుజుడున్న మొహం కాదని" అన్నాడు పెదనాన్న, నాన్నతో. బుద్ధిస్థానం చెడిందని నన్ను ఇంట్లో కూర్చోబెట్టబోయినవాడికి, తన విద్యంతా నా భాగహారాల మీద నిలబడి ఉందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. నేను బెజవాడ కాలేజీలో చేరాను, ఎమ్మెస్సీ చేశాను, లెక్కల లెక్చరరుగా ఈమధ్యే రిటైరయ్యాను. చాలా ఏళ్ల తరవాత అమ్మని, ఆ రైలు కూత నిజమేనా అని అడిగాను. "నొప్పుల్లో ఉన్నదాన్ని, రైళ్లు లెక్కపెట్టుకుంటానా?" అని నవ్వేసింది. నేను నిజంగా ఎన్నింటికి పుట్టానో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్ల నాకు వచ్చిన లోటేమీ లేదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఆ ఏసీ గదిలో కూర్చుని ఆలోచించాను. అప్పుడు ఒక పొడుం మనిషి అహంకారం ఏ పద్ధతిని ఎంచుకుంటే మా బతుకులు అటు నడిచేవి. ఇప్పుడు గిరాకీ ఎంచుకుంటే చాలు, కంప్యూటరు ఒక్క క్షణంలో గోడలు జరుపుతుంది. ఆ మనిషి కనీసం తను చెప్పింది నమ్మేవాడు. ఇప్పుడు అమ్మేవాడూ నమ్మడు, కొనేవాడూ నమ్మడు, అయినా ముహూర్తాలు ఆగవు. పెదనాన్నని ఎంత ఈసడించుకున్నా కోపం తరగని నాకు, వీళ్ల మీద కోపం కూడా దండగే అనిపించింది. అక్క మూడు ప్రింట్లూ తీయించుకుని మడిచి సంచిలో పెట్టుకుంది.

బస్టాండుకి ఆటోలో వెళ్తుంటే అక్క అంది. "పెదనాన్నకి ఈ మిషను ఉండుంటే నేను డాక్టరునయ్యేదాన్నేమోనే. మూడింట్లో ఒకటన్నా ఒప్పుకునేది." నవ్వుతూనే అంది. నా తరవాతి మాట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఇన్నేళ్లు అందరినీ ఈసడించి, ఒక్క మనిషిని మాత్రం వదిలేశాను.

"అక్కా, ఆ రోజు నీ లెక్క తేల్చి చెప్పాక మన గోడగడియారం పది నిమిషాలు ముందుంటుందని నాకు గుర్తొచ్చింది. నీ పుట్టుకా దాన్ని చూసి రాసిందే. ఆ పది తీసేస్తే శని ఏ పద్ధతిలో అయినా ఆరులోనే. నాకు తెలుసు."

అక్క నావైపు తిరిగింది. "మరి చెప్పలేదేం?"

"తొమ్మిది కళలని తేల్చినందుకు పెదనాన్న మెచ్చుకున్నాడు. మళ్లీ తప్పని చెప్పబుద్ధి కాలేదు."

సిగ్నలు పడింది. చుట్టూ హారన్లు. అక్క సంచి ఒళ్లోకి లాక్కుంది. పన్నెండేళ్ల పిల్లవి, నీకేం తెలుసులే అంటుందని ఎదురుచూశాను. ఆ మాట నాకు నేను చెప్పుకుని చెప్పుకుని అరగదీశాను, దాని నోట వింటే కొత్తగా ఉండేది.

"ఇన్నేళ్లూ ఆ ముసలాయన్ని తిట్టుకుంటూ బతికానే" అంది చివరికి. "పోయేముందు నన్ను చూడాలని కబురు పెట్టాడు. వెళ్లలేదు."

బస్టాండు దగ్గర ఆటో ఆగింది. ఎప్పుడూ దిగేటప్పుడు తన సంచి నాకే ఇచ్చి చెయ్యి పట్టుకుని దిగేది, మోకాళ్ల నొప్పి కదా. ఆ రోజూ చెయ్యి అందించాను. అక్క పక్కనున్న కమ్మీ పట్టుకుని తనే దిగి, సంచి భుజాన వేసుకుని, కొండపల్లి బస్సు ఎక్కింది.